పేలికల చేను

జరగండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. గడప మీద కూర్చున్నవాళ్లు లోపలికి వచ్చేయండి, ఆ మూల చాప ఖాళీగానే ఉంది. ఈ సంగతి గొంతు పెంచి చెప్పేది కాదు. చెవి నా వైపు పెట్టండి, కళ్లు మాత్రం నా చేతుల మీద పెట్టండి. ఎందుకంటానో చివరికి మీకే తెలుస్తుంది.

టీవీ అంటే జహీరాబాద్ బజార్లో ఒకటి రెండు దుకాణాల్లో తప్ప కనబడని రోజులు. న్యాల్‌కల్ దారిలో ఎర్రనేలల ఊరు. స్వాతి కార్తె నడుస్తోంది. ఆ ఏడు వానలు మొదట మురిపించి నడుమ ముఖం చాటేశాయి. ఎవరి పచ్చజొన్న చూసినా కంకి పీలగా, గింజ నీరసంగా ఉంది. ఒక్క బసమ్మ చేను మాత్రం కంకి బరువుకు వంగి, గాలి వస్తే ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తోంది. ఊరికే కాలేదు లెండి. ఎండాకాలమంతా గొర్లకాపరుల కాళ్లావేళ్లా పడి, పెంట ఎరువు కోసం రాత్రుళ్లు చేన్లో మంద నిలిపించింది. వాళ్లకు రోజూ గంప నెత్తిన పెట్టుకుని రొట్టెలు మోసింది. అదంతా చూసినవాళ్లు చూశారు, మరిచినవాళ్లు మరిచారు.

ఆ ఊళ్లో ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. కోతకు ముందు, ఎవరి చేను బాగుంటే ఆ చేన్లోకి వెళ్లి, విత్తనానికి పనికొచ్చే కంకులు ఏరుకుని, తమ పాత చీర చింపిన పేలిక ఒకటి ఆ కంకి మెడకు కట్టి వస్తారు. నోటితో అడగడం ఉండదు. పేలిక కడితే అడిగినట్టు. కోతనాడు చేనుగల ఆమె ఆ కంకుల్ని విడిగా కోసి, పేలిక చూసి ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తుంది. బదులుగా వాళ్ల దగ్గరున్న మంచి విత్తనం ఈమెకు వస్తుంది. బసమ్మకు నర్సమ్మ కందులు, గిరిజమ్మ కొర్రలు, బీరమ్మ అనుములు. జొన్న నడుమ ఆ సాళ్లన్నీ కలిస్తేనే అక్కడ దాన్ని చేను అంటారు. ఉత్త జొన్న చల్లిన నేలను చూసి అయ్యో అంటారు.

ఆ ఏడు అందరూ బసమ్మ చేన్లోనే కట్టారు. ఎరుపు, నీలం, మాసిన పసుపు. దూరం నుంచి చూస్తే చేను బోనాలకు తయారైనట్టుంది.

ఆమె వెదురు గంప చంకన పెట్టుకుని కంకులు చూసుకుంటూ ఉండగా గట్టు మీద జీపు ఆగింది. అక్కడే ఉన్న ఆమె మొగుడు ఎంకయ్య దాని పక్కన నిలబడ్డాడు. ప్యాంటు మడిచి ఒకాయన దిగాడు. మదన్‌మోహన్, ఎరువుల కంపెనీ సారు. వెనక భుజం మీద పెద్ద కెమెరా మోస్తూ శివరాజ్. ఇతను జహీరాబాద్ పిల్లవాడే, పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. ఆ రోజు కంపెనీ వాళ్లు కిరాయికి తెచ్చుకున్నారు.

"మీ చేను చాలా బాగుందమ్మా. కాస్త ఫొటో తీసుకుంటాం. మీరు మాట్లాడుతూ ఉండండి" అన్నాడు మదన్‌మోహన్.

బసమ్మ కొంగు సర్దుకుని కెమెరా వంక అనుమానంగా చూసింది. "ఏం బాబూ, గీ డబ్బా నేను చెప్పింది చెప్పినట్టు చెప్తదా? నడుమ ఏమన్న కలుపుతదా?"

శివరాజ్ నవ్వాడు. "అద్దం లెక్కనే అక్కా. ఉన్నది ఉన్నట్టు."

"అద్దమైతే మంచిదే" అంది గానీ, ఆమె కనుబొమ్మలు దిగలేదు.

బసమ్మకు చేతులు కట్టేస్తే మాట రాదు. మనిషిని పేరు పెట్టి చెప్పే ముందే చేయి చెప్పేస్తుంది. సారు ఆ గుడ్డలేమిటని అడగగానే ఎర్ర పేలిక పట్టుకుని, ఇంకో చేయి తలకు చాలా పైకెత్తి, "గిది మా నర్సక్కది. తాడిచెట్టంత ఉంటది ఆమె" అంది. నీలం పేలిక దగ్గర ముక్కు పట్టుకుని గుండ్రంగా వేలు తిప్పి, "గిది గిరిజమ్మది. ముక్కుకు గింత పెద్ద పుల్ల" అంది. పసుపు పేలిక దగ్గర నడుము పక్కకు ఒంచి, లేని బిడ్డను చంకనెత్తుకుని, "గిది బీరమ్మది. ఎప్పుడు చూడు చంకల పిల్లగాడే" అని తానే నవ్వింది.

అంతలో జల్లు పడింది. మదన్‌మోహన్ జీపులోంచి ఖాళీ బస్తా తెప్పించి, "తడుస్తారమ్మా, కప్పుకోండి" అన్నాడు. వాన వస్తే బస్తా మూల లోపలికి నొక్కి కొప్పెర చేసి నెత్తిన వేసుకోవడం అక్కడ అందరూ చేసే పనే. బసమ్మ రెండో ఆలోచన లేకుండా వేసుకుంది. దాని మీద పెద్ద పొద్దు బొమ్మ, కిరణాలతో సూర్యుడు. అది కంపెనీ గుర్తు.

"ఎన్ని బస్తాల ఎరువు వేశారమ్మా?"

"ఒక్క పిడికెడు గూడ వెయ్యలే సారూ." బసమ్మ కొప్పెర అంచు పట్టుకుని ఆ పొద్దు బొమ్మ మీద చేత్తో కొట్టి, ఈగను తోలినట్టు చెయ్యి అవతలికి విసిరింది. "మందులు గిందులు నా చేన్ల ఎక్కడియి? గొర్లను ఆపిన, గంతే."

మదన్‌మోహన్ తల ఊపి, "బాగుంది, బాగుంది" అన్నాడు. బస్తా వెనక్కి అడగలేదు.

నాలుగు రోజులకు పొద్దుగూకే వేళ పంచాయతీ అరుగు మీద టీవీ పెట్టారు. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. శివరాజ్ పెట్టెలో క్యాసెట్ తోశాడు. మొదట పట్నం, తర్వాత ఎవరివో ఆవులు, తర్వాత ఉన్నట్టుండి బసమ్మ. నెత్తిన పొద్దు బొమ్మ కొప్పెర, చుట్టూ జొన్న.

"అరెరె, బసమ్మరా!" అని పిల్లలు లేచి గంతులేశారు. బసమ్మ మొగుడు ఎంకయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. బసమ్మకు సిగ్గుతో నవ్వు వచ్చి కొంగు నోట్లో పెట్టుకుంది.

టీవీలో బసమ్మ పెదవులు కదిలాయి. లోపల్నుంచి తేనె పూసిన పట్నం గొంతు వచ్చింది. "నేను బసమ్మను. మా ఊళ్లో అందరి చేలూ ఎండినా, నా చేను పండింది. కారణం ఈ ఎరువే. ఎవరికీ చెప్పకుండా ముందు నేనే వాడి చూశాను. మేలైన కంకులకు గుర్తుగా ఇదిగో, ఇలా గుడ్డలు కట్టుకున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. బసమ్మ కొంగు నోట్లోంచి జారింది.

"గది నా గొంతు గాదు" అంది లేచి నిలబడి. "నేను గట్ల అనలే. ఏమయ్యా శివరాజ్, నువ్వున్నవ్ గదా, చెప్పు!"

శివరాజ్ తీగలు సర్దుతున్నట్టు వంగాడు.

గిరిజమ్మ కూర్చున్న చోటి నుంచే, తలైనా తిప్పకుండా అంది. "గొంతుదేముందమ్మా, రేడియోల ఎవ్వల గొంతైనా మారుతది. మొఖం నీది గాదా? చేను నీది గాదా? నెత్తి మీద బస్తా మా అందరికి కనబడ్తనే ఉన్నది."

"బస్తా వానకు ఇచ్చిన్రు!"

"ఔనౌను. మాకెవ్వరు ఇయ్యరు గట్ల, వానకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. బసమ్మ వంక ఒకసారి చూసి, చాప చుట్టుకుని లేచి వెళ్లింది. ఎప్పుడూ కలిసి తినే, కలిసి కలుపుతీసే నర్సమ్మ, "వస్తవా" అని పిలవకుండా వెళ్లింది.

ఇంటికి వచ్చాక బసమ్మకు మొగుడి మీదే అనుమానం వచ్చింది. "నువ్వు జీపు దగ్గర నిలబడ్డవ్ గదా. వాళ్లతోని ఏం మాట్లాడినవ్?"

"నేనేం మాట్లాడుత? డబ్బాల నుంచి చూడమన్నడు, చూసిన. అండ్ల నువ్వు బొటనవేలంత కనబడ్డవ్."

"మందు గురించి ఏమన్న అన్నవా?"

"అరే, నన్ను ఎవ్వలు అడిగిన్రే! నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీద పెట్టుకో" అంది బసమ్మ. పొయ్యి ముందు కూర్చుని రొట్టె కొడుతూ ఉంటే, ఎదురుగా గోడకు ఆ బస్తా వేలాడుతూ కనబడింది. ఆరేసింది తనే. ఆ పొద్దు బొమ్మ తనను చూస్తున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున గిరిజమ్మ నిప్పు కోసమని వచ్చింది. నిప్పు తీసుకోకుండా గోడ వంక చూసి వెళ్లిపోయింది.

ఆ రోజే చేన్లో మొదటి కంకి బోడిగా కనబడింది. పేలిక లేదు. ముడి బిగిసిన చోట సన్నటి గీత మాత్రం ఉంది. బసమ్మ గాలికి ఊడిందేమో అని కింద వెతికింది. దొరకలేదు. పక్క సాలులో ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. గాలి పేలికను విప్పుతుందా? ముడి విప్పాలంటే రెండు చేతులు కావాలి, గోరు కావాలి.

ఊళ్లో అప్పటికే మాట పాకింది. మందు తాగిన చేను విత్తనం మళ్లీ మందే అడుగుతుంది, వట్టి నేల మీద వేస్తే మొలిచి కూడా పండదు అని. నిజమో కాదో ఎవరికి తెలుసు? విత్తనం సంగతిలో భయమే చాలు. బావి దగ్గర బసమ్మ వస్తే మాట ఆగేది. ఆమె బిందె దించితే ఇంకొకరు బిందె ఎత్తేవాళ్లు. బసమ్మ కూడా ఊరుకుందా? ఎవరి చేతిలో గుడ్డ ముక్క కనబడినా అది పేలికేమో అని రంగు చూసేది. బీరమ్మ చంకలోని పిల్లవాడి ముక్కు తుడుస్తుంటే, ఆ గుడ్డ పసుపుదా కాదా అని మెడ చాచి చూసింది. బీరమ్మ గుడ్డ మడిచి రవికలో దోపుకుంది.

ఒక పొద్దున బసమ్మ పిట్టల కావలి మంచె ఎక్కి, వడిసెల పక్కన పెట్టి, పిట్టల్ని తోలకుండా కూర్చుంది. పిట్టలు తింటే తిననీ, మనిషి ఎవరో తెలియాలి.

పొద్దెక్కుతుండగా జొన్న చేనుకు పైన ఒక తల కదులుతూ వచ్చింది. ఆ ఊళ్లో జొన్న మించి తల కనబడే ఆడమనిషి ఒక్కతే. బసమ్మ మంచె దిగి, సాళ్ల వెంట చప్పుడు చేయకుండా వెళ్లింది.

నర్సమ్మ కంకిని ఎడమ చేత్తో మెల్లగా వంచి, కుడి చేతి గోరుతో ముడి విప్పుతోంది. కంకి విరగకుండా, గింజ రాలకుండా. విప్పిన ఎర్ర పేలికను కొంగుకు కట్టుకుంటోంది. అప్పటికే కొంగు నిండా ఉన్నాయి.

"నువ్వా నర్సక్కా."

నర్సమ్మ ఉలిక్కిపడలేదు. చేతిలో ఉన్న ముడి విప్పడం పూర్తి చేసింది. "నేనే. నావే విప్పుకుంటున్న. వేరేటోళ్లయి ముట్టలే. గిరిజమ్మ, బీరమ్మ వాళ్లయి వాళ్లే విప్పుకున్నరు."

"నన్ను ఒక్క మాట అడగొచ్చు గదా."

"అడిగితే ఏం చెప్తవ్? వెయ్యలే అంటవ్. బొమ్మేమో వేసిన అన్నది. ఇప్పుడు నేను ఎవ్వల మాట పట్టుకోవాలె చెప్పు?"

"నీ కండ్లతోని చూసినవ్ గొర్ల మందను. రొట్టెలకు నీ పెనం గూడ తెచ్చుకున్న."

"చూసిన." నర్సమ్మ గొంతు తగ్గింది. "గొర్లను చూసిన, బస్తను గూడ చూసిన. గొర్లు రాత్రి పండుకున్నయ్, నువ్వు పగలు ఏం చల్లినవో నేనేం కావలున్ననా? నాకు ఉన్నదే గింత నేల బసమ్మా. ఇత్తనం మోసం చేస్తే ఏడాది పస్తు. నాకు కోపం లేదు. భయం."

"మరి నాకిచ్చే కందులు?"

నర్సమ్మ కొంగు బిగించి సాళ్ల నడుమ నుంచి వెళ్లిపోయింది. తల మాత్రం జొన్న మీద చాలాసేపు కనబడుతూ ఉంది. కోపమైతే బసమ్మ తిరిగి తిట్టేది. భయానికి ఏం తిట్టు తిడుతుంది?

సంత రోజు వచ్చింది. బసమ్మ గంపలో బుడ్డ దోసకాయలు పెట్టుకుని జహీరాబాద్ వెళ్లింది. ఊరి ఆడవాళ్లు ఒక బండిలో వెళ్తే, ఆమె వెనక నడిచింది. బజారు మూల మీద ఎరువుల దుకాణం ముందు ఎత్తు బల్ల మీద టీవీ పెట్టి ఉంది. పక్కన స్టూలు మీద శివరాజ్. లోపల మదన్‌మోహన్ కుర్చీలో కూర్చుని రైతులతో మాట్లాడుతున్నాడు. క్యాసెట్ అయిపోతే శివరాజ్ వెనక్కి తిప్పి మళ్లీ వేస్తున్నాడు. ఎదురుగా బాట అవతల నర్సమ్మ, గిరిజమ్మ, బీరమ్మ గంపలు దించుకుని కూర్చున్నారు. చోటు అదే దొరికింది, ఏం చేస్తారు? "నేను బసమ్మను" అని ఆ గొంతు పొద్దున్నుంచి వాళ్ల చెవుల్లో పడుతూనే ఉంది. వాళ్లు టీవీ వంక చూడడం కూడా మానేశారు.

బసమ్మ నేరుగా శివరాజ్ దగ్గరికి వెళ్లింది. "అద్దం అన్నవ్ గదా బాబూ."

శివరాజ్ చుట్టూ చూశాడు. "అక్కా, బొమ్మ నేను తీసిన. గొంతు హైదరాబాద్‌ల కలిపిన్రు. అండ్ల నాదేం లేదు."

"ఏదో ఒకటి చెయ్యి. ఆ గొంతు జర బంద్ చెయ్యి. ఒక్కసారి."

"సారు లోపలున్నడు. నా పొట్ట కొట్టకక్కా. వచ్చే నెల నా చెల్లె పెండ్లి."

బసమ్మ అతని వంక చూసింది. అతని ముఖంలో దొంగతనం లేదు, ఉన్నది నర్సమ్మ ముఖంలో చూసిన భయమే. గంప దించి టీవీ పక్కనే, గోడ నీడలో కూర్చుంది. తన బొమ్మ తన తల మీదే మాట్లాడుతుంటే దోసకాయలు బేరం చేసింది. టీవీలో ఉన్నది ఈమేనా అని కొనేవాళ్లు అటూ ఇటూ చూశారు. ఒకాయన "మందు దోసకాయలా?" అని అడిగి, తీసుకోకుండా పోయాడు.

మధ్యాహ్నం అయింది. క్యాసెట్ మళ్లీ మొదటికి వచ్చింది. పట్నం, ఆవులు, జొన్న చేను.

అప్పుడు మసీదు మీంచి అజా మొదలైంది.

జహీరాబాద్ బజారులో అజా వినబడితే ఎవరి దుకాణమైనా సరే, పాట తగ్గిపోయేది. ఎవరూ చెప్పేవారు కాదు, ఎవరూ అడిగేవారు కాదు. చాయ్ హోటల్లో రేడియో ఆగింది. క్యాసెట్ల దుకాణం ఆగింది. శివరాజ్ చేయి కూడా అలవాటుగా టీవీ మీదికి వెళ్లి గొంతు పూర్తిగా తగ్గించేసింది. బొమ్మ నడుస్తూనే ఉంది.

పొద్దున్నుంచి మోగుతున్నది ఆగితే మనిషి తల ఎత్తి చూస్తాడు కదా. బాట అవతల ముగ్గురూ తలెత్తారు.

టీవీలో బసమ్మ ఎర్ర పేలిక పట్టుకుంది. చెయ్యి తలకు పైకి, ఇంకా పైకి ఎత్తింది.

నర్సమ్మ చేతిలో తక్కెడ ఆగింది.

టీవీలో బసమ్మ నీలం పేలిక పట్టుకుని, ముక్కు మీద వేలు గుండ్రంగా తిప్పింది. గిరిజమ్మ చెయ్యి తనకు తెలియకుండానే తన ముక్కుపుల్ల మీదికి వెళ్లింది. తర్వాత బసమ్మ నడుము ఒంచి లేని బిడ్డను చంకనేసుకుంది.

"అవ్వో!" అంది బీరమ్మ, అజా నడుస్తోందని గుర్తొచ్చి గొంతు తగ్గిస్తూ. "గదేంది, నా లెక్క చేస్తుంది!"

"నీ పేలికనే గది" అంది నర్సమ్మ మెల్లగా. "పసుపుది. నీ పెండ్లి చీరది. నాది ఎర్రది. పేర్లు చెప్తుంది. మన పేర్లు చెప్తుంది."

ముగ్గురూ గంపలు వదిలి బాట దాటి వచ్చారు. టీవీలో కొప్పెర వేసుకున్న బసమ్మ పొద్దు బొమ్మ మీద చేత్తో కొట్టి, ఈగను తోలినట్టు అవతలికి విసిరింది. ఆ విసురు వాళ్లకు తెలుసు. బేరం నచ్చకపోతే, మాట నచ్చకపోతే బసమ్మ చెయ్యి ఇన్నేళ్లుగా చెప్పే మాట అదే.

అజా అయిపోయింది. హోటల్లో రేడియో మళ్లీ అందుకుంది. శివరాజ్ వేళ్లు మీట మీదే ఉన్నాయి. ఒకసారి ఆడవాళ్ల వంక చూశాడు, ఒకసారి దుకాణం లోపలికి. మీట తిప్పలేదు. క్యాసెట్ వెనక్కి జరిపి పేలికల దగ్గర మళ్లీ వదిలాడు. గొంతు లేకుండా ఇంకోసారి నడిచింది.

"గంత పెద్దగ ఉంటదా నా ముక్కుపుల్ల?" అంది గిరిజమ్మ, టీవీని కాదు, గోడ నీడలో కూర్చున్న బసమ్మను.

"ఇంకా పెద్దగనే ఉంటది. అండ్ల పట్టలే" అంది బసమ్మ, కాయలు సర్దుకుంటూ.

బీరమ్మ పక్కున నవ్వింది. లోపల్నుంచి మదన్‌మోహన్ కేకేశాడు. "ఏమయ్యా శివరాజ్, సౌండ్ ఏమైంది?"

"మీట జామ్ అయింది సార్, వస్తది" అన్నాడు శివరాజ్. గొంతు వచ్చింది. "నేను బసమ్మను." మొగుడంపల్లి ఊరి రైతులు ఇద్దరు ఆగి, శ్రద్ధగా విన్నారు. ఒకతను లోపలికి వెళ్లాడు. బసమ్మ చూస్తూనే ఉంది. పరుగెత్తి ఎంతమంది చెయ్యి పట్టుకుని ఆపుతుంది?

తిరిగి వెళ్లేటప్పుడు బండిలో చోటు ఇచ్చారు. క్షమించమని ఎవరూ అనలేదు. దోసకాయలు మాత్రం తలా ఒకటి తీసుకుని తిన్నారు.

మర్నాడు పొద్దున బసమ్మ ఆ బస్తాను గోడ మీంచి తీసి, చేన్లో బెదురుబొమ్మకు తొడిగింది. పొద్దు బొమ్మ పిట్టల వైపు తిప్పింది. నీలం పేలికలు అప్పటికే కంకులకు తిరిగి వచ్చేసి ఉన్నాయి. పసుపువి రాలేదు. బీరమ్మ అత్త ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. మరుసటి ఏడు బసమ్మ చేన్లో అనుములు లేవు.

జొన్న మీద తల కనబడింది. నర్సమ్మ వచ్చి, కొంగు విప్పి, ఎర్ర పేలికలు ఒక్కొక్కటి తీసి ఆ కంకులకే కట్టసాగింది. గీత పడిన చోటే ముడి వేసింది. బసమ్మ పక్కన నిలబడి చూస్తూ ఉంది. నర్సమ్మ రెండో కంకికి వెళ్లగానే, బసమ్మ మొదటి కంకి ముడిని రెండు వేళ్లతో పట్టి లాగి చూసింది.

నర్సమ్మకు కనబడింది. "గట్టిగనే కట్టిన" అంది.

"రేపు మల్ల ఇంకో బొమ్మ వస్తది నర్సక్కా. ఇంకేదో చెప్తది. అప్పుడేం చేస్తవ్?"

నర్సమ్మ చేతిలో ఉన్న ముడి బిగించింది. "ఈసారి వచ్చి నిన్ను అడుగుత."

బసమ్మ రెండో ముడిని లాగి చూడలేదు.

అదీ సంగతి బిడ్డలారా. ఇప్పుడు ప్రతి ఇంట్లో బొమ్మలు ఆడుతున్నాయి, ప్రతి బొమ్మకూ ఎవరిదో ఒక గొంతు ఉంది. ఎప్పుడైనా మీకు తెలిసిన ముఖం అందులో కనబడి, తెలియని మాట వినబడితే, ముందు ఆ గొంతు తగ్గించి చేతులు చూడండి. తర్వాత లేచి వెళ్లి ఆ మనిషినే అడగండి. ఈ బసమ్మ సంగతి మీ పిల్లలకు కూడా చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం చేతులు కట్టుకోకండి. నర్సమ్మ ఎత్తు దగ్గర చెయ్యి బాగా పైకెత్తండి, గిరిజమ్మ ముక్కుపుల్ల దగ్గర వేలు గుండ్రంగా తిప్పండి.